తిరిగొచ్చే దారి

ఈ పూట పాత కార్లలో కరెంటు ఫాల్టులు ఎట్లా పట్టుకోవాలో చెప్పడానికి వచ్చాను. చోక్ వైరు కాలిన వాసనతో మొదలుపెడతాను.

పాత పెట్రోలు బండ్లు నడిపినవారికి చోక్ అంటే తెలుసు. డ్యాష్‌బోర్డు కింద చిన్న గుండీ ఉంటుంది. దాన్ని లాగితే ఒక ఉక్కుతీగ ఇంజన్ దాకా పోయి, కార్బురేటరులోకి వెళ్లే గాలిని కొంచెం మూస్తుంది. చలికి మొరాయించే ఇంజన్ లేస్తుంది. ఆ తీగకూ కరెంటుకూ ఏ సంబంధమూ లేదు, ఉండకూడదు. అయినా ఒక మాఘమాసం పొద్దున, మా బాపు అంబాసిడర్‌కు సెల్ఫ్ కొడుతుంటే చోక్ తీగ మీది తొడుగు కరిగి పొగ లేచింది. అవ్వ వాకిట్లోంచి చెంబెడు నీళ్లు పట్టుకొని ఉరికొచ్చింది. బాపు దిగి, బానెట్ ఎత్తి, ఏం చేయాలో తెలియక అట్లాగే నిలబడిపోయారు.

మాది పోచంపాడ్. శ్రీరాంసాగర్ కట్ట కనిపించే ఊరు. 1963 జూలై 26న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన ముచ్చట తాత నోట వింటూ పెరిగాను. ఇంట్లో పసుపు పంట. వానాకాలం మొదట్లో వేసి, ఎనిమిది తొమ్మిది నెలలు కాపాడి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, అమ్మితే గాని చేతికి రూపాయి రాని పంట. పాత అంబాసిడర్‌ను బాపు, కాక కలిసి కొన్నారు. చోక్ తీగ కాలడానికి ముందు నాలుగు నెలల్లో ఆ బండికి ఏమేం చేయించారో చెబితే, అట్లాంటి డబ్బు ఎట్లా పోయిందో మీకే అర్థమవుతుంది. దసరా తర్వాత నుంచి సెల్ఫ్ కొడితే ఒకసారి తిరిగేది, ఒకసారి ‘టక్’ మని ఊరుకునేది. ముందు సొలినాయిడ్ స్విచ్ మార్పించారు. రెండు రోజులు బాగుంది. మళ్లీ అదే టక్. సెల్ఫ్ విప్పించి కార్బన్లు, బుష్షులు కొత్తవి వేయించారు. వారం బాగుంది. తర్వాత, బ్యాటరీ పోయి ఉంటుందని ఎవరో అంటే, కిందటేటి పసుపు అమ్మిన డబ్బులో దాచుకున్నది తీసి కొత్త బ్యాటరీ కొన్నారు. దాని మీది మెరుపు పోకముందే చోక్ తీగ కాలింది.

ఆర్మూర్ నుంచి బండ్ల కరెంటు పని చేసే ఉస్తాద్‌ను పిలిపించారు. స్కూటర్ మీద వచ్చాడు. వెంట తెచ్చిన సామాను చూస్తే నాకు నమ్మకం కలగలేదు: వెనక దీపం హోల్డర్‌కు రెండు వైర్లు అతికించిన ఒక బల్బు, కొంచెం గరుకు కాగితం, బొటనవేలంత లావున్న ఒక కేబుల్. అంతే. బండిని ముట్టుకోకముందే ఒక మాట అడిగాడు.

“పటేలా, ఈ మధ్యల దీనికి ఏమన్న పని చేయించిన్రా?”

“దసరా ముంగట క్లచ్ ప్లేట్ ఏయించిన. అది వేరే, ఇది వేరే గద ఉస్తాద్.”

“బండి ఒక్కటే గద పటేలా.”

ఆ కేబుల్ ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు పట్టించాడు. రెండో కొసను నేరుగా ఇంజన్ ఇనుముకు అదిమి పట్టాడు. “ఇప్పుడు కొట్టుండ్రి సెల్ఫ్” అన్నాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది. నాలుగు నెలల రోగం నాలుగు నిమిషాల్లో బయటపడింది.

నేను బానెట్ పక్కనే ఉన్నాను. పదోతరగతి చదివే పిల్లవాణ్ని. గిట్ల ఎట్ల అయింది ఉస్తాద్ అని అడిగాను. ఆయన ఇంజన్ కింద చెయ్యి పెట్టి చూపించాడు. “ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూసుంటది బిడ్డా. రబ్బరుల నుంచి కరెంటు పోతదా?”

పోదు. సెల్ఫ్ మోటారు ఇంజన్‌కు బిగించి ఉంటుంది. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు గుండా వచ్చిన కరెంటు సెల్ఫ్‌ను తిప్పి, ఇంజన్ ఇనుములోకి దిగి, అక్కడి నుంచి బాడీకి చేరి, బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి. ఇంజన్‌కూ బాడీకీ నడుమ రబ్బరు ఉంది కాబట్టి ఆ రెంటినీ కలిపే రాగి పట్టీ ఒకటి ఉంటుంది. సన్నటి రాగి పోగులతో జడలాగ అల్లిన పట్టీ. క్లచ్ పనికి గేర్‌బాక్స్ దించినప్పుడు దాన్ని విప్పారు. తిరిగి బిగించేటప్పుడు ఒక కొస మరిచారు. అది కింద వేలాడుతూ ఉండిపోయింది. కరెంటుకు మాత్రం ఎట్లాగైనా ఇంటికి చేరాలని ఉంటుంది. రాజమార్గం లేకపోతే ఇంజన్‌కూ బాడీకీ నడుమ ఏ ఇనుము దొరికితే ఆ ఇనుము పట్టుకుంటుంది. స్పీడోమీటర్ కేబుల్ దొరికింది, చోక్ తీగ దొరికింది. నూటయాభై ఆంపియర్లు పోవలసిన చోట ఒక సన్న ఉక్కుతీగ ఉంటే అది హీటర్ చుట్టలాగ కాలుతుంది.

సొలినాయిడ్, సెల్ఫ్, బ్యాటరీ మార్చినప్పుడల్లా రెండు రోజులో వారమో ఎందుకు బాగైనట్టు కనిపించింది? మార్చిన ప్రతిసారీ నట్లు విప్పి, గీకి, బిగించారు. ఆ కాస్త శుభ్రానికి, కొత్త బ్యాటరీ బలానికి, పోతున్న కరెంటుకు కొంచెం ఎక్కువ దారి దొరికింది. సామాను మారిస్తే బాగయింది కాబట్టి తప్పు సామానుదే అని నమ్మడం ఇట్లాగే మొదలవుతుంది. మా ఇంట్లో దాని ఖరీదు ఒక ఏడాది పసుపు మీద మిగిలిన డబ్బు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో మండుతుంది. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది కూడా అందుకే.

ఆ రోజు ఉస్తాద్ నాకు చెప్పిన పాఠం మా ఊరి మాటల్లోనే చెప్పాడు. “కాలువ మీద లష్కర్ ఎట్ల నడుస్తడో చూసినవా? గట్లనే నడువాలె.”

మా కట్ట నుంచి బయల్దేరే కాకతీయ కాలువ ఎరిగినవారికి లష్కర్ ఎవరో చెప్పనక్కర లేదు. కాలువ కట్ట మీద నడిచి తూములు చూసేవాడు. చివరి మడి రైతు వచ్చి నీళ్లు రావడం లేదంటే, డ్యాములో నీళ్లు లేవని లష్కర్ తేల్చడు. తూము దగ్గర మొదలుపెడతాడు. అక్కడ నిండుగా ఉందా? అరమైలు నడుస్తాడు. అక్కడ? ఇంకో అరమైలు. ఎక్కడిదాకా నిండుగా ఉందో, ఎక్కడి నుంచి తగ్గిందో, ఆ రెంటి నడుమే పూడికో గండో ఉంటుంది. కొత్త డ్యాము కట్టనక్కర లేదు, ఆ రెండు గజాలు బాగు చేస్తే చాలు. బండిలో బ్యాటరీ డ్యాము, దీపం చివరి మడి. నడుమ స్విచ్చులు, ఫ్యూజులు, అతుకులు అన్నీ తూములే.

ఒక్క తేడా ఉంది. మడిలో పారిన నీళ్లు మళ్లీ డ్యాముకు రావు. బండిలో కరెంటు తప్పకుండా తిరిగి రావాలి. రాలేదంటే అసలు బయల్దేరదు. వెళ్లే దారికి వైర్లున్నాయి, రంగులున్నాయి, కంటికి కనిపిస్తాయి. తిరిగొచ్చే దారి బండి బాడీయే, దాన్నే ఎర్త్ అంటాం. అది కనిపించదు కాబట్టి ఎవరూ చూడరు. ముప్పై ఏళ్ల బండిలో రేకుకు తుప్పు పడుతుంది, స్క్రూ కింద చిలుము చేరుతుంది, రంగు వేసినప్పుడు స్క్రూ కింద కూడా రంగు పూస్తారు. అతుకు పైకి బిగుతుగానే ఉంటుంది, లోపల దారి మూసుకుపోతుంది. నా దగ్గరికి వచ్చే పాత బండ్లలో నేను ముందుగా చూసేది తిరిగొచ్చే దారినే.

ఆ దారి చెడిన గుర్తులు కొన్ని ఉన్నాయి, బాగా కనిపెట్టండి. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ దీపం కూడా దానితో పాటు మిణుకుతుంది. బ్రేకు నొక్కితే ఇండికేటర్ ఆగిపోతుంది. హెడ్‌లైట్ వేస్తే పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ కదులుతాయి. ఇవన్నీ విడివిడి జబ్బుల్లాగ కనిపిస్తాయి, కాని ఒక్కటే జబ్బు. ఒక దీపానికి తన ఎర్త్ దొరకక, పక్క దీపం తీగలోంచి దొంగదారిన ఇంటికి పోతోంది. నాలుగు దీపాలకు నాలుగు బల్బులు కొనకండి. ఆ దీపం కప్పు విప్పి, కింద స్క్రూ తీసి, రేకు తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, మీద కొంచెం వేసలిన్ రాయండి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక కొలతల సంగతి. ఇప్పుడు మల్టీమీటర్లు చౌకగా దొరుకుతున్నాయి, అందరూ కొంటున్నారు, సంతోషం. కాని దానితోనే పెద్ద పొరపాటు జరుగుతోంది. బల్బు తీసేసి, హోల్డర్‌లో మీటర్ పెడతారు. పన్నెండు వోల్టులు చూపిస్తుంది. వైరు బాగుందని ఇంకోచోట వెతుకుతారు. మీటర్ తాగే కరెంటు ఎంత? లేనట్టే. ముప్పై పోగుల వైరులో ఇరవై తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్‌కు పన్నెండు వోల్టులు కనిపిస్తాయి. కాలువకు అడ్డంగా కట్ట పడినా, సందులోంచి ఊరిన నీళ్లు చివరి గుంటలో నిండినట్టు. గుంట నిండింది కదా అని కాలువ బాగుందంటే ఎట్లా? మోటారు పెట్టి తోడితే కదా తెలిసేది.

కాబట్టి పని చేస్తున్నప్పుడు కొలవాలి. దీపం వెలుగుతుండగా, మీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల కొనను బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర కొనను దీపం ఎర్త్ మీద పెట్టండి. తిరిగొచ్చే దారిలో ఎంత పోతోందో నేరుగా చెబుతుంది. 0.1, 0.2 వోల్టులు అయితే ఫరవాలేదు. ఒక వోల్టు ఉందంటే పూడిక ఆ దారిలోనే ఉంది. ఎర్ర కొనను కొంచెం కొంచెం బ్యాటరీ వైపు జరుపుతూ రండి. ఎక్కడ ఆ వోల్టు ఠక్కున మాయమవుతుందో అక్కడ ఆగండి. సెల్ఫ్‌కైతే, కాయిల్‌కు వెళ్లే సన్న వైరు ఊడదీసి ఇంజన్ లేవకుండా చేసి, మైనస్‌కూ ఇంజన్ ఇనుముకూ నడుమ మీటర్ పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే పట్టీని చూడండి. మా బాపుకు ఆనాడు ఈ ఒక్క కొలత చేసిపెట్టేవాడు దొరికి ఉంటే!

లెక్క చిన్నదే. జర్మనీలో ఓమ్ అనే బడిపంతులు 1827లో అచ్చువేసిన లెక్క. అడ్డును ఆంపియర్లతో గుణిస్తే పోయిన వోల్టులు వస్తాయి. సెల్ఫ్ నూటయాభై ఆంపియర్లు లాగుతుంది. అతుకులో అడ్డు ఒక ఓమ్‌లో నూరో వంతే అనుకుందాం, కంటికి కనిపించని చిలుము పొర. ఒకటిన్నర వోల్టు అక్కడే పోయింది. హెడ్‌లైట్ లాగేది నాలుగైదు ఆంపియర్లే. దానికి ఒకటిన్నర వోల్టు పోవాలంటే 0.3 ఓమ్ అడ్డు కావాలి. అందుకే ఒకే చిలుము దీపాన్ని ఏమీ చేయదు, సెల్ఫ్‌ను మాత్రం కూర్చోబెడుతుంది. దీపాలు మంచిగనే వెలుగుతున్నయ్ గద అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు చేసుకోండి.

అయితే దీపాల సంగతి తక్కువది కాదు. పన్నెండు వోల్టుల బల్బుకు పదిన్నర వోల్టులే అందితే, వెలుగు ఎనిమిదో వంతు తగ్గదు, మూడో వంతుకు పైగా తగ్గుతుంది. పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటు అంతా లైటు స్విచ్, డిప్పర్ స్విచ్ గుండా తిరిగి ముందుకు వస్తుంది. నలభై ఏళ్లు అరిగిన రెండు స్విచ్చులు! రాత్రిపూట 44వ నంబరు హైవే మీద, పెర్కిట్ దాటాక, వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీ ముందు ఉంటే ఆ మూడో వంతు వెలుగు ప్రాణంతో సమానం. ఒక రిలే పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు నేరుగా దీపాలకు ఇచ్చి, పాత స్విచ్‌ను రిలేను పిలవడానికే వాడుకుంటే దీపం మళ్లీ కొత్తదవుతుంది. ఎక్కువ వాట్ల బల్బు కొనే ముందు ఈ పని చేయించండి. సన్న వైరు మీద పెద్ద బల్బు వేస్తే వేడెక్కేది వైరే.

అంబాసిడర్ వైరింగ్ మీద నాకు గౌరవం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా మీద ఆ బండి చేశారు. 1950ల చివర మొదలై 2014 దాకా నడిచింది. దానితో పాటు ఇంగ్లండు వైర్ల రంగుల పద్ధతీ వచ్చింది. గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తాళం తీసినా అందులో కరెంటు ఉంటుంది. తెల్లది తాళం తిప్పాక వచ్చేది. ఆకుపచ్చది తాళం తర్వాత ఫ్యూజు కూడా దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్, ఎరుపు పార్కింగ్, నలుపు ఎర్త్. ఇది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. దుమ్ముకు, నూనెకు అన్ని వైర్లూ ఒకే మట్టి రంగులో కనిపిస్తే, కట్ట మీది టేపు కొంచెం విప్పి చూడండి. లోపల రంగులు పెళ్లిచీర మడతల్లాగ భద్రంగా ఉంటాయి.

ఇంగ్లండులో ఆ కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీని అక్కడివాళ్లు ‘చీకటి యువరాజు’ అని ఎగతాళి చేసేవారట. ఆ మాటతో నేను ఏకీభవించను. మన దగ్గర చెన్నై పాడిలో 1961లో మొదలైన లూకాస్ టీవీఎస్ వారి డైనమోలు, సెల్ఫులు ఎన్ని లక్షల మైళ్లు తిరిగాయో లెక్క లేదు. నా చేతికి వచ్చిన బండ్లలో సామాను కంటే అతుకులే ఎక్కువ చెడి ఉన్నాయి. కొత్త హారన్‌కు ఒక అతుకు, పాటల పెట్టెకు ఒకటి, ఫాగ్ లైట్లకు ఒకటి. వైరు చర్మం గీకి, మెలిపెట్టి, మీద టేపు. మా జిల్లా ఎండాకాలానికి టేపు బంక కరిగి జారిపోతుంది. వానాకాలం ఆ రాగి నల్లబడుతుంది. నల్లబడ్డ రాగికి టంకం కూడా అంటదు. మంచి రాగి కనబడేదాకా వైరు కోసి, లగ్గు వేసి నొక్కి, స్లీవు తొడిగి వేడి చేయడం తప్ప వేరే మందు లేదు.

ఒక జాగ్రత్త. 1960ల నడుమ దాకా ఇంగ్లండు బండ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్‌నే బాడీకి కలిపేవారు. బాగా పాత బండి మీ చేతికొస్తే బ్యాటరీ ఏ కొన బాడీకి పోతోందో కళ్లారా చూసి గాని కొత్త బ్యాటరీ, ఆల్టర్నేటర్, రేడియో ఏదీ కలపకండి. తలకిందులుగా కలిపితే ఆల్టర్నేటర్ డయోడ్లు కనురెప్ప పాటులో పోతాయి.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. రాత్రి మంచిగనే పెట్టిన, పొద్దుగాల బ్యాటరీ డౌన్. దీనికి ఉస్తాద్ బల్బు చాలు. తాళం తీసేయండి, తలుపులు మూసేయండి. మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ బ్యాటరీ కొనకూ నడుమ టెస్ట్ బల్బు పెట్టండి. వెలగలేదా, కారడం లేదు. వెలిగిందా, ఎక్కడో కారుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీస్తే బల్బు ఆరుతుందో ఆ కాలువ మీద గండి. అన్నీ తీసినా వెలుగుతూనే ఉంటే, ఫ్యూజు లేని దారులు చూడాలి: ఆల్టర్నేటర్, తాళం స్విచ్, పాతవాటిలో డైనమో కటౌట్. కటౌట్ పాయింట్లు అతుక్కుపోతే డైనమో మోటారులాగ బ్యాటరీని తాగేస్తుంది, చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. కంప్యూటర్ ఉన్న ఇప్పటి బండ్లలో మాత్రం ఈ బల్బు పని చేయవద్దు, మీటరే వాడాలి. వాటిలో గడియారం, కంప్యూటర్ జ్ఞాపకం కోసం కొద్ది మిల్లీ ఆంపియర్లు ఎప్పుడూ పోతూనే ఉంటాయి.

డిక్కీలో ఐదు వాట్ల దీపం ఆరకుండా ఉంటే రోజుకు పది ఆంపియర్ అవర్లు పోతాయి. యాభై ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండున్నర రోజుల్లో సగం ఖాళీ. మూసిన డిక్కీలో దీపం ఆరిందో లేదో ఎవరు చూస్తారు? ఒకాయన బండి మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది. ప్రతిసారీ నా షెడ్డులో బల్బు వెలగలేదు, ఏ తప్పూ దొరకలేదు. చివరికి రాత్రి ఆయన ఇంటికే పోయాను. బండి మక్కల సంచుల పక్కన పెడతారు. పొద్దంతా తిరిగి వచ్చిన ఇంజన్ వెచ్చగా ఉంటుంది, ఎలుకలు అందులోకి చేరుతున్నాయి. డ్యాష్‌బోర్డు వెనక గోధుమరంగు వైరు చర్మం కొరికేశాయి. చలికి మంచు కురిసి రేకు తడిసినప్పుడే అది కారుతుంది. పొద్దెక్కి ఆరాక నా దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఉండదు. మూడుసార్లు వట్టిగా పంపినందుకు ఆ పెద్దాయనకు దండం పెట్టాను. “నువ్వు రాత్రిపూట వచ్చినవ్ గద బిడ్డా, చాలు” అన్నాడు. అప్పటి నుంచి, ఫాల్టు ఎప్పుడు వస్తుంది, ఎండలోనా, వానలోనా, గుంత దిగినప్పుడా, ఎడమకు తిప్పినప్పుడా అని బండి నడిపేవారిని పావుగంట అడిగాకే బానెట్ ఎత్తుతున్నాను.

పట్టుబడని ఫాల్టును పట్టుబడేటట్టు చేయాలి. వానలోనే ఆగే బండైతే, చీకట్లో ఇంజన్ నడుస్తుండగా, వైర్లను ముట్టకుండా దూరం నుంచి ప్లగ్గుల వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మూత మీద నీటి తుంపర చిమ్మితే నీలి మెరుపులు కనిపిస్తాయి. కుదుపులకు ఆగేదైతే, దీపం వేసి వైర్ల కట్టను అంగుళం అంగుళం కదపాలి. మీరు రేడియో వింటున్నారు కాబట్టి ఇంకోటి చెబుతాను. బండిలో రేడియో పెట్టి వినండి. ఇంజన్ వేగంతో పాటు సన్నగా ఈలలాగ పెరిగే శబ్దం చార్జింగ్ వైపు నుంచి వస్తుంది. టకటకమని ఇంజన్ తాళానికి పడే శబ్దం ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ వైపు నుంచి. గుంతలో దిగినప్పుడల్లా గరగర అంటే లూజ్ కాంటాక్ట్. చెవి కూడా ఒక మీటరే.

ఫ్యూజు గురించి ఒకే మాట గట్టిగా చెప్పాలి. ఫ్యూజు ఎగిరితే సిగరెట్టు కాగితం చుట్టకండి, రాగి పోగు కట్టకండి. ఫ్యూజు చావాలి, వైరు బతకాలి. అది ఎగరకపోతే కాలేది డ్యాష్‌బోర్డు వెనక వైర్ల కట్ట, దాని వెనకే పెట్రోలు, వెనక సీట్లో పిల్లలు. ఇంకొక మెలిక ఉంది. పాత ఇంగ్లండు పద్ధతి గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది 35 దగ్గర ఎగిరేదని అర్థం. ఎప్పుడూ మోయగలిగేది అందులో సగమే. ఇప్పటి ఫ్యూజుల మీద ఉండే అంకె మోయగలిగేది. అంకె చూసి అంకె వేస్తే సగం కాపలా పోయినట్టే. ఎగురుతూనే ఉంటే ఫ్యూజు స్థానంలో ఒక హెడ్‌లైట్ బల్బు కలపండి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, ఏదీ కాలదు. తాపీగా ఒక్కొక్క సామాను విడదీస్తూ, వైర్లు కదుపుతూ పోండి. ఎక్కడ బల్బు మసకబారుతుందో అక్కడే షార్ట్. ఈ ఒక్క కిటుకు నాకు ఎన్ని ఫ్యూజుల పెట్టెలు మిగిల్చిందో!

ఇవన్నీ చేసేముందు బ్యాటరీని మరవకూడదు. రాత్రంతా విశ్రాంతి తీసుకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 దాకా రావాలి. నీళ్ల బ్యాటరీ అయితే గ్రావిటీ ఆరు గదుల్లోనూ ఒకేలా ఉండాలి. ఒక గది మాత్రం బాగా తక్కువుంటే ఆ గది పోయింది. కొనల మీద తెల్లటి పూత ఉంటే వంటసోడా నీళ్లతో కడగండి. విప్పేటప్పుడు బాడీకి పోయే కొన ముందు, బిగించేటప్పుడు అదే చివర. పానా జారి బాడీకి తగిలినా మెరుపు రాకుండా ఉండేందుకు. చేతి గడియారం, ఉంగరం తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, చార్జింగ్‌లో దానిలోంచి హైడ్రోజన్ వస్తుంది.

మా కట్ట కింద పవర్‌హౌస్ 36 మెగావాట్లది. ఒక సెల్ఫ్ తిరగడానికి కావలసింది ఒకటిన్నర కిలోవాట్లు. అక్కడ కూడా ఇంజనీర్లు అతుకుల వేడిని చూస్తారు. చిన్నది కాబట్టి కారు కరెంటును తేలిగ్గా తీసుకుంటాం, అంతే తేడా.

ఉస్తాద్ ఇప్పుడు లేడు. నేను పదోతరగతి పరీక్షలు రాసి ఆ ఎండాకాలమే ఆయన దగ్గర చేరాను. బాపు వద్దనలేదు. మూడేళ్లు ఆయన షెడ్డులో నేను చేసింది ఎక్కువగా గీకడమే: లగ్గులు, స్క్రూలు, రేకులు. విసుగొచ్చి ఒకరోజు అడిగితే, “దారి చేస్తున్నవ్ బిడ్డా” అన్నాడు. మా అంబాసిడర్ రాగి పట్టీని ఆయనే బిగించాడు. ఆ తర్వాత రెండుసార్లు మార్చాను, విప్పిన పాత పట్టీ నా షెడ్డులో మేకుకు వేలాడుతోంది.

రేపు పొద్దున మెండోరా నుంచి ఒక పాత మారుతి తెస్తామన్నారు. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ దీపాలు మిణుకుతున్నాయట, ఇప్పటికి రెండుసార్లు ఫ్లాషర్ మార్చారట. బండి రాగానే బానెట్ ఎత్తను. గరుకు కాగితం తీసుకొని వెనక్కి పోతాను.